పురుగు పాఠం నేర్చుకుంది, మరి మనం?

(బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి)

నేను రైతు కొడుకుని. మా ఇంట్లో వడ్ల బస్తాలకో గది, మనుషులకో గది. రెంటికీ మధ్య ఒక తలుపు. కిందటి వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళేసరికి ఆ తలుపు సందుల్లో పాత చీర పేలికలు కుక్కి ఉన్నాయి. ఏమిటని అడిగితే, విత్తనం వడ్లకి పురుగు పట్టింది, బిళ్ళలు పెట్టానన్నాడు నాన్న. మామూలుగా అయితే వేసవిలో అందరం ఆరుబయటే పడుకుంటాం. ఆ రాత్రి గాలివాన రావడంతో మంచాలు లోపలికి చేరాయి. అర్ధరాత్రి దాటాక చెల్లెలికి వాంతులు మొదలయ్యాయి. నాన్నమ్మకి కళ్ళు తిరిగాయి. తలుపులు బార్లా తీసి, ఇద్దర్నీ వానలోనే ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అదృష్టం బాగుండి ఇద్దరూ తేరుకున్నారు.

నాలుగో రోజు గది తీసి బస్తా విప్పి చూస్తే, పురుగులు మాత్రం దర్జాగా పాకుతున్నాయి!

బిళ్ళలమ్మిన కొట్టాయన్ని నాన్న అడిగితే, "పురుగు మొండిదైపోయిందండీ, ఈసారి రెండింతలు పెట్టండి" అన్నాడట. మొండిదైపోయిన మాట నిజమే. కానీ ఎలా అయింది? ఎవరు చేశారు? రెండింతలు పెడితే చస్తుందా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ ఏడాదిపాటు మా లైబ్రరీలో కూర్చున్నాను. నాకు తెలిసింది తోటి విద్యార్థులకు చెప్పాలనే ఈ వ్యాసం.

మా వడ్లలో ఉన్నవి రెండు రకాలు. గింజను తొలిచి పిండి రాల్చే నుసి పురుగు ఒకటి. దాని వెనకాలే వచ్చి ఆ పిండి తినే ఎర్ర పిండి పురుగు రెండోది. రెండూ పెంకు పురుగుల జాతివే. వీటి మీద మనిషి ఏళ్ళ తరబడి నమ్ముకున్న మందు మలాథియాన్. అది పురుగు ఒంట్లోకి వెళ్ళి మలాక్సాన్‌గా మారుతుంది. నరాలకు విశ్రాంతినిచ్చే ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కట్టిపడేస్తుంది. దాంతో నరాలు అదుపు తప్పి పురుగు గిలగిల కొట్టుకుని చస్తుంది. మరి మలాథియాన్ మనుషులకు అంత ప్రమాదం కాదంటారే, ఎందుకు? మన కాలేయంలో కార్బాక్సిల్ ఎస్టరేజ్ అనే మరో ఎంజైము ఉంది. అది మలాథియాన్‌ను చప్పున విరిచేసి బయటికి పంపించేస్తుంది. ఆ పని పురుగు ఒంట్లో అంత చురుగ్గా జరగదు. అదే ఆ మందులోని రహస్యం.

ఇప్పుడు తమాషా చూడండి. మందుకి లొంగని ఎర్ర పిండి పురుగుల్లో శాస్త్రజ్ఞులు కనుక్కున్నది ఏమిటంటే, మలాథియాన్‌ను విరగ్గొట్టే కార్బాక్సిల్ ఎస్టరేజ్ వాటిలో జోరుగా పనిచేస్తోందని. మనల్ని కాపాడే ఆయుధమే పురుగు చేతికీ చిక్కిందన్న మాట. దీనికి రుజువు కూడా చక్కగా దొరికింది. ఆ ఎంజైమును అడ్డుకునే ట్రైఫినైల్ ఫాస్ఫేట్ కలిపి మలాథియాన్ ఇస్తే, అంతదాకా చావని పురుగులు మళ్ళీ చచ్చాయి. 1972-73లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దేశదేశాల గోదాముల పురుగులను తెప్పించి పరీక్షించింది. మలాథియాన్‌కు లొంగని ఎర్ర పిండి పురుగు లోకమంతా పాకిపోయిందని 1976లో నివేదిక ప్రకటించింది.

పురుగుకు ఈ తెలివి ఎక్కడిది? మందు వల్ల పుట్టిందా? కాదు. మా తాత ప్రతి ఏడూ చేనంతా తిరిగి గట్టి కంకులు ఏరి విత్తనానికి దాచేవాడు. కంకిని ఆయన తయారు చేయలేదు, ఉన్నవాటిలోంచి ఏరాడు, అంతే. మందు చేసేదీ ఆ పనే. లక్ష పురుగుల్లో ఎక్కడో నాలుగింటికి పుట్టుకతోనే ఆ గుణం ఉంటుంది. తక్కినవన్నీ చస్తే ఆ నాలుగే మిగిలి పిల్లల్ని పెడతాయి. మన ఎండల్లో నెలా నెలన్నరకి ఒక తరం మారిపోతుంది. మనం మందు కొడుతున్నామనుకుంటూ నిజానికి పురుగు తరఫున విత్తనం ఎంపిక చేస్తున్నాం!

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో బంగాళాదుంప పంటను తినే కొలరాడో పెంకు పురుగు కథ వినండి. ఒకప్పుడు కొండల అంచున పిచ్చిమొక్కలు తిని బతికేది. 1859 ప్రాంతంలో బంగాళాదుంప చేలలోకి దిగింది. 1952 నాటికి డి.డి.టి.కి లొంగకుండా పోయింది. ఈనాటికి యాభై పైచిలుకు మందులను తట్టుకున్న ఘనత దానిది. బంగాళాదుంప ఆకులో సహజంగానే విషపదార్థాలుంటాయి. వాటిని అరిగించుకోవడం తరతరాలుగా అలవాటైన పురుగుకు మన మందు ఒక లెక్కా?

అంత దూరం ఎందుకు, మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలు చాలవూ! 1987-88లో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగలేదు. కొట్టిన కొద్దీ పెరిగింది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ పురుగు పెంకు జాతిది కాదు, చిమ్మట పిల్ల. అయితేనేం, పాఠం ఒక్కటే. అప్పుడు మా నాన్న బడిపిల్లాడు. ఆ పాఠం ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నలభై ఏళ్ళ తర్వాత ఆ కొట్టాయన "రెండింతలు" అన్నప్పుడు తల ఊపేవాడు కాదు.

ఇక మా గదిలో పెట్టిన బిళ్ళల సంగతి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. చట్టప్రకారం అవి శిక్షణ ఉన్నవాళ్ళ పర్యవేక్షణలో తప్ప వాడకూడనివి. ఈ వాయువును తట్టుకునే గుణం ఎక్కడుందో 2012లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. వాళ్ళు పరీక్షించినవి సరిగ్గా మా బస్తాలో ఉన్న జాతులే, నుసి పురుగూ, ఎర్ర పిండి పురుగూ. కణంలో శక్తిని తయారుచేసే చోట డైహైడ్రోలిపోమైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అందులో ఒక అమైనో ఆమ్లం స్థానంలో మరొకటి చేరితే పురుగు తట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇంకో జన్యువు కూడా తోడైతే ఆ శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ గుణం చాలావరకు అంతర్గత లక్షణం. మనం మెండెల్ పాఠంలో చదువుకున్నదే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేగాని పూర్తి బలం రాదు. ఒకే ప్రతి ఉన్న పురుగు, వాయువు సరిపడా, సరిపడినన్ని రోజులు నిలిచి ఉంటే చచ్చిపోతుంది. కానీ చీర పేలికల సందుల్లోంచి వాయువు కారిపోయి పలచబడితే బతికి బయటపడుతుంది. అలాంటివి రెండు కలిస్తే పిల్లల్లో కొన్ని రెండు ప్రతులతో పుడతాయి. మొండి పురుగంటే అదే!

అంటే ఏమైంది? మా చెల్లెలి ప్రాణం మీదికి తెచ్చిన సందూ, పురుగును బతికించిన సందూ ఒక్కటే. రెండింతలు పెడితే మా ఇంటి మీదికి రెండింతల విషం వచ్చేది. పైగా వాయువు మరీ చిక్కగా ఉంటే పురుగు స్తంభించి ఊపిరి తగ్గించుకుని తప్పించుకోగలదు కూడా. ఫాస్ఫీన్‌కు మోతాదు కంటే గాలి చొరనితనం, రోజుల లెక్క ముఖ్యం. ఆ మాట కొట్టులో ఎవరూ చెప్పరు. అమ్మకం తగ్గే మాట ఎందుకు చెబుతారు?

ఈ వాయువు చేజారితే మనకు వేరే దిక్కు కూడా పెద్దగా లేదు. దానికి జోడీగా ఉన్న మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను తినేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద ఆపేశారు. ఎగుమతి, దిగుమతుల క్వారంటైన్ అవసరాలకు తప్ప 2015 నుంచి మనలాంటి దేశాల్లోనూ దాని వాడకం లేదు. రేషను బియ్యం దగ్గర్నుంచి విత్తనం వడ్ల దాకా మన గోదాములన్నీ ఫాస్ఫీన్ మీదే నిలబడి ఉన్నాయి.

"రైతుకి ఈ ఎంజైముల గొడవ ఎందుకోయ్" అని మిత్రులు నవ్వుతారు. రైతుకి పేర్లు అక్కర్లేదు, నిజమే. ఆ పేర్ల వెనకున్న మాట మటుకు కావాలి. చావని పురుగు మీద అదే మందు మరింత కొట్టడం అంటే దానికి పాలు పోయడమే. మనుషులుండే ఇంట్లో బిళ్ళలు పెట్టనే కూడదు. వడ్లు పళ్ళ కింద పటుక్కుమనేలా ఎండబెట్టాలి. గాదెలో పాత గింజ ఒక్కటి లేకుండా ఊడ్చాలి. గాలి చొరని సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి. మూతి గట్టిగా బిగిస్తే లోపలి ప్రాణవాయువు అయిపోయి పురుగు దానంతటదే చస్తుంది. మా నాన్నమ్మ కందులకి ఎర్రమన్ను పట్టిస్తుంది, పెసలకి బూడిద కలుపుతుంది. చిన్నప్పుడు నేను నవ్వేవాణ్ణి. బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకేసి దాన్ని ఎండబెట్టేస్తుందని ఇప్పుడు చదివాను. మలాథియాన్‌ను విరిచినట్టు బూడిదను విరిచే ఎంజైము లేదు మరి! అన్నిటికీ పాత పద్ధతే చాలునని నేననడం లేదు. పెద్ద గోదాముకి బూడిద సరిపోదు. కానీ మందు ఆఖరి అస్త్రం కావాలి గాని మొదటిది కాకూడదు.

చివరిగా మన కాలేజీ మాట. మూడేళ్ళుగా బొద్దింక నోటి భాగాలు రికార్డులో అందంగా గీస్తున్నాం. మంచిదే. కానీ మనలో సగం మంది పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. సెలవులకి వెళ్ళొచ్చేటప్పుడు ఒక్కొక్కరం ఇంటి గాదెలోంచి పిడికెడు పుచ్చిన గింజలు సీసాలో తెస్తే ఏం పోయింది? మందు పట్టించిన వడపోత కాగితం మీద పురుగులను వదిలి, ఎన్ని చచ్చాయో ఎన్ని బతికాయో లెక్కపెట్టే పరీక్షకు పెద్ద ఖర్చు కాదు. మాస్టార్లు దగ్గరుండి చేయిస్తే డిగ్రీ విద్యార్థులు చేయగలిగిందే. ఏ ఊరి పురుగు ఏ మందుకి లొంగడం లేదో ఒక కాగితం మీద రాసి ఆ ఊరికి పంపుదాం. యూనియన్ ఈ ఏడాది సాంస్కృతికోత్సవానికి పెట్టే ఖర్చులో పదో వంతు దీనికి కేటాయించమని సవినయంగా మనవి చేస్తున్నాను. జంతుశాస్త్ర శాఖ వారు పెద్దమనసు చేసి ఒక బల్ల ఇస్తే చాలు.

పురుగుకి బడి లేదు, పుస్తకం లేదు. అయినా ప్రతి తరమూ వెనకటి తరం చావులోంచి ఒక పాఠం దాచుకుంటోంది. ఇన్ని పుస్తకాలున్న మనం మన ఇంటి గాదె దాకా ఒక్క పాఠాన్నీ తీసుకెళ్ళలేమా?