సినిమా ఎక్కకుంటే కవి కాడా?

మొన్న ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు పక్క ఫంక్షన్ హాల్లో, ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవం జరిగింది. మా తమ్ముడి మనవరాలు డ్యాన్సు చేస్తోందంటే పోయాను. తలకు ఎర్ర తువాళ్లు చుట్టుకొని, గజ్జెలు కట్టుకొని ఎనిమిది మంది పిల్లలు వేదిక ఎక్కారు. ‘ఊరు మనదిరా’ మొదలైంది. డప్పు మీద మొదటి దెబ్బ పడేసరికి వెనక వరుసల్లో ముసలోళ్లు చేతికర్రలు నేలకు తాటిస్తూ తాళం వేశారు. పాట అయిపోయింది. చప్పట్లు ఆగకముందే యాంకరమ్మ మైకు అందుకొని, ‘‘ఇప్పటిదాకా చూసింది ఒక సూపర్‌హిట్ సినిమా సాంగ్’’ అన్నది. రాసినాయన పేరు ఆమె నోట రాలేదు.

నా పక్క కుర్చీలో ముఖ్య అతిథి. ‘‘గూడ అంజయ్యది కదా ఈ పాట’’ అన్నాను. ‘‘అవు సార్, మంచిగనే రాసేటోడు. పాపం, సినిమాలల్ల పైకి రాలే. కెరీర్ చేస్కోలేకపోయిండు’’ అన్నాడాయన, నెయ్యి లడ్డు నోట్లో వేసుకుంటూ.

ఆ ‘పాపం’ అన్న మాట ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. ఎవరి మీద జాలి? పదహారు భాషల్లోకి పాట వెళ్లిన మనిషి మీదనా? ఆ హాల్లో నాలుగు వందల మంది చేత ఒక్కసారిగా తాళం వేయించిన మనిషి మీదనా?

ఈ రోగం ఆ ముఖ్య అతిథి ఒక్కడిది కాదు. పాట రాసేవాడికి ఊరు మొదటి మెట్టు, వేదిక రెండో మెట్టు, సినిమా మేడ అని అందరి తలల్లో ఒక నిచ్చెన నాటుకుపోయింది. మేడ ఎక్కితే కవి, ఎక్కకపోతే పాపం. చల్లగరిగె చంద్రబోస్ 2023లో ఆస్కార్ అందుకున్న నాటి నుంచి ఈ నిచ్చెనకు ఇంకో మెట్టు పెరిగింది. చంద్రబోస్ గెలిచిన రోజు నేనూ పొంగిపోయాను. కానీ ఆ గెలుపును కొలబద్ద చేసి మిగతావాళ్లందరినీ పొట్టివాళ్లని తేల్చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

గూడ అంజయ్య, మా అంజన్న, 1955లో ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి దగ్గర లింగాపురంలో పుట్టాడు. ఫార్మసీ చదివాడు. సర్కారు కొలువు చేశాడు. అందులోనే ఉండి, సర్కారు దవాఖానకు నేను రానని మొండికేసే మనిషి పాట రాశాడు. మందుల గదిలో నిలబడి, అక్కడికొచ్చే బీదవాళ్ల బాధను రోజూ చూసినవాడు రాసిన పాట అది. ఏ నిర్మాత అడ్వాన్సు ఇచ్చి ఈ పాట రాయించుకుంటాడు? ఏ హీరో దీనికి అడుగు వేస్తాడు? చివరికి 2016 జూన్ 21న రాగన్నగూడలో కన్నుమూశాడు. ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం వచ్చే ప్రతి బస్సూ రాగన్నగూడ మీదుగానే వస్తుంది. ఆ బస్సుల్లో ఆయన పాట సెల్లులో పెట్టుకొని వినేవాళ్లుంటారు. కిటికీలోంచి అటు చూసేవాళ్లు మాత్రం ఉండరు. అక్కణ్నుంచి అడ్డదారిన పోతే రామోజీ ఫిల్మ్ సిటీ ఎంతో దూరం లేదు. అట్టముక్కల కోటలు చూడ్డానికి దేశం నలుమూలల నుంచి జనం టిక్కెట్లు కొని వస్తారు.

వేదిక పాట రాయడం తేలిక, సినిమా పాటే కష్టం అనేవాళ్లు రెండింటినీ దగ్గర నుంచి చూడలేదు. మంచాల, యాచారం వైపు ఊళ్లల్లో రాత్రి మీటింగులకు నేను చిన్నప్పుడు పోయేవాణ్ని. ఎడ్లబండి మీద వేదిక. ఒక్కోసారి మైకు కూడా ఉండేది కాదు. భుజాన గొంగడి వేసుకొని ఒకడు పాట ఎత్తుకుంటాడు. వెనక నలుగురు కోరస్. ఎత్తుకున్నవాడు చరణం విసిరితే కోరస్ వాళ్లు అందుకోవాలి, వాళ్ల నుంచి జనం అందుకోవాలి. ఒక్కసారి వింటే నోటికి రావాలి. పొద్దంతా నాట్లేసి నడుం విరిగిన మనిషికి మూడో చరణం దాకా నిద్ర రాకూడదు. ఒక్క మాట బరువైనా, ఒక్క పాదం సాగినా మగవాళ్లు బీడీ కోసం లేస్తారు, ఆడవాళ్లు చంకలో పిల్లను సర్దుకొని ఇంటిదారి పడతారు. అక్కడికక్కడే తీర్పు. సినిమాలో మాట పలచబడితే కెమెరా ఉంది, నలభై వయొలిన్లు ఉన్నాయి, హీరోయిన్ చీర కొంగు ఉంది. ఎడ్లబండి మీద మాట ఒక్కటే ఉంది. అంజన్న నిలిచింది ఆ బండి మీద.

అసలు తెలుగు సినిమాకు మొదటి పాట ఎక్కడి నుంచి వచ్చిందో ఈ నిచ్చెన వేసినవాళ్లకు తెలుసా? 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’కు పాటలు రాసిన చందాల కేశవదాసు నాటకాల మనిషి. 1876లో ఖమ్మం వైపు జక్కేపల్లిలో పుట్టాడు. నాటకాలు రాశాడు, హరికథలు చెప్పాడు. తెర లేచే ముందు నటులందరూ చేతులు జోడించి నిలబడి పాడే ‘పరబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన ఆయనదే. మా ఊరి నాటకంలో హార్మోనియం శ్రుతి సరిచూసుకొని మేష్టారు తలూపగానే ఆ ప్రార్థన మొదలయ్యేది. దశాబ్దాల పాటు ఎన్ని ఊళ్లు ఆ పాటతో తెర లేపాయో! పాడినవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? సినిమా పుట్టిన రోజున పాట కోసం చేయి చాపింది నాటకం ముందే.

ఆ చేయి చాపడం తర్వాతా ఆగలేదు. 1980లో వచ్చిన ‘మాభూమి’ సంగతి చూడండి. పసులు కాసే పిల్లగాడి మీద పాట సుద్దాల హనుమంతుది. నైజాం సర్కారును సవాలు చేసే బండి పాట, సాయుధ పోరాటంలో ఉన్న యాదగిరిది. గద్దర్ దాన్ని తెర మీద పాడాడు. ఈ రోజు ఎవరినడిగినా అది గద్దర్ పాట. గద్దర్ మీద నాకు ఎనలేని గౌరవం, తప్పు ఆయనది కాదు. రాసినవాణ్ని మరిచి తెర మీద కనబడిన మొహాన్నే గుర్తుపెట్టుకునే మన అలవాటుది. గోరటి వెంకన్న పల్లె కన్నీటి పాట ‘కుబుసం’ సినిమాలో ఉంది. ‘కుబుసం’ చూసినవాళ్లు చేతులెత్తండి అంటే ఇబ్రహీంపట్నం మొత్తంలో పది చేతులు లేస్తాయేమో. ఆ పాట తెలియని చెయ్యి ఒక్కటి చూపించండి. ఎవరు ఎవరిని మోశారు?

ఇక నా ఒళ్లు మండించేది ‘జానపదం’ అన్న ముద్ర. యూట్యూబ్ నిండా అదే. కింద స్టూడియో పేరు, మ్యూజిక్ చేసినవాడి పేరు, డీజే మిక్స్ కొట్టినవాడి పేరు, డ్యాన్సు చేసిన జంట పేరు, కెమెరా అసిస్టెంటు పేరు కూడా ఉంటుంది. రాసినవాడి దగ్గరికొచ్చేసరికి ‘సేకరణ’. ఎవరి దగ్గర సేకరించారు? నిన్నమొన్న మన మధ్య తిరిగి, మన టీ కొట్లల్లో చాయ తాగి, దస్తూరీతో కాగితం మీద రాసిన మనిషి పాట ఎట్లా జానపదమైంది? విసుర్రాయి దగ్గర తరతరాలుగా అవ్వలు పాడుకున్నది జానపదం. దాన్ని నెత్తిన పెట్టుకుంటాను. కానీ కన్నతల్లి ఎదురుగా నిలబడి ఉంటే బిడ్డను అనాథ అనడం ఏం న్యాయం? పేరు లేకుంటే రూపాయి అడిగేవాడు లేడు, అసలు సంగతి అది. 2012లో కాపీరైటు చట్టం సవరించి పాటల రచయితకు రాయల్టీ హక్కు గట్టిపరిచారు. సేకరణ అని రాసిన చోట ఆ చట్టం ఎవరి ఇంటి తలుపు తడుతుంది?

‘పాట ప్రజలదైపోయాక పేరెందుకు’ అని కొందరు పెద్దమనుషులంటారు. వాళ్ల పుస్తకాల అట్టల మీద వాళ్ల పేర్లు పెద్దక్షరాల్లోనే ఉంటాయి.

అంజన్న పోయిన ఆ ఏడే, అక్టోబరులో, బాబ్ డిలాన్‌కు సాహిత్యంలో నోబెల్ వచ్చింది. మన పత్రికల్లో వ్యాసాలే వ్యాసాలు. పాట కూడా సాహిత్యమేనని, గిటారు పట్టుకొని నిరసన పాడినవాడూ కవేనని. అవును, కవే. ఆ మాట అనడానికి స్వీడన్ దాకా పోవాలా? నాలుగు నెలల ముందు సాగర్ రోడ్డు పక్కన ఒక కవిని పోగొట్టుకున్నాం.

ఏం చేయాలంటారా? బళ్లో పిల్లలు పాట మొదలుపెట్టే ముందు ఒకరు ముందుకొచ్చి రాసినవారి పేరు, ఊరు చెప్పాలి. రాగన్నగూడ స్టేజీ దగ్గర ఆయన పేరుతో ఒక బోర్డు పెట్టాలి. సగం ఊరు వెంచర్ల బోర్డులే, ఇంకొక్కటి పట్టదా? ఆ రాత్రి వేదిక వెనక్కి పోయి యాంకరమ్మకు చీటీ మీద ‘గూడ అంజయ్య, లింగాపురం’ అని రాసిచ్చాను. మంచి పిల్లే, వెంటనే చదువుతానన్నది. చదివే ముందు మాత్రం, ‘‘సార్, ఈ సార్ ఏ సినిమాకు రాసిండు?’’ అని అడిగింది. వచ్చే జూన్ 21న రాగన్నగూడలో డప్పుతో కూర్చుందాం. మైకు కిరాయి నేనిస్తాను.