రాయడానికి ఎవరి సెలవు కావాలి? (వాడ రాతలు – 11)



పోయిన భాగంలో హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాశాక వచ్చిన మెసేజుల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి. "అక్కా, మేం కూడా రాయాలనుకుంటున్నాం. బ్లాగ్ ఎట్లా మొదలుపెట్టాలి?" అడిగిన వెంటనే దాదాపు అందరూ ఒక క్షమాపణ కూడా చేర్చారు. "మాకు మంచి తెలుగు రాదక్కా." "ఇంకా పెద్దగా చదవలేదక్కా." "మేం రాస్తే ఎవరు చదువుతార్లే అక్కా."

బ్లాగ్ ఎట్లా తెరవాలో చెప్పడం పది నిమిషాల పని. చెప్తాను. ముందు ఈ క్షమాపణ సంగతి తేలాలి. నాకు కోపం ఆ పిల్లల మీద కాదు, వాళ్లచేత అది చెప్పిస్తున్నవాళ్ల మీద.

"ముందు బాగా చదువు, తర్వాత రాయి." ఈ సలహా ఎవరు ఎవరికిస్తారో గమనించారా? డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడి కవిత ఆదివారం అనుబంధంలో పడుతుంది. వాళ్ల పెదనాన్న ఫలానా విమర్శకుడు కాబట్టి "కొత్త గొంతు" అని పక్కన నాలుగు ముక్కల పరిచయం కూడా పడుతుంది. అదే వయసులో మన పిల్ల రాస్తే "ఇంకా పరిణతి రావాలి" అంటారు. చదవొద్దని నేననను. రాస్తూ చదవండి. చదువు పూర్తయ్యాక రాద్దామంటే, మన ఇళ్లలో చదువు మొదలయ్యిందే నిన్నగాక మొన్న.

ఇక మంచి తెలుగు. పత్రికల తెలుగు రెండున్నర జిల్లాల భాష అని తెలంగాణవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. నిజమే. నేనొకటి కలుపుతా. ఆ రెండున్నర జిల్లాల్లో ఉన్న మాల మాదిగ పల్లెల భాష కూడా అందులో లేదు. మాది ప్రకాశం జిల్లా. మా అమ్మ మాట్లాడే తెలుగు కథల్లో కొటేషన్ గుర్తుల మధ్యన, పాలేరు నోరు తెరిచినప్పుడు మాత్రమే కనపడుతుంది. కొటేషన్ దాటగానే కథ చెప్పేది ఊరి తెలుగు. ఒకసారి ఒక పత్రికకి వ్యాసం పంపితే "విషయం బాగుంది, భాష కొంచెం సరిచేశాం" అని వేశారు. తెరిచి చూస్తే "కూలి ఎగ్గొట్టాడు" అని నేను రాసిన చోట "వేతన చెల్లింపులో జాప్యం జరిగింది" అని ఉంది. ఎగ్గొట్టినోడు వాక్యంలోంచే మాయమైపోయాడు! భాష సరిచేయడమంటే ఇదీ. వ్యాకరణం పేరు చెప్పి ముద్దాయిని విడిచిపెట్టడం.

బ్లాగ్ గొప్పదనం ఒకటే. నీకూ చదివేవాడికీ మధ్య ఆ చెయ్యి ఉండదు. మిగతాదంతా హంగు.

మనవాళ్లు ఈ సంగతి ఇంటర్నెట్ రాకముందే గ్రహించారు. 1920 జనవరి 31న అంబేద్కర్ మూక్‌నాయక్ మొదలుపెట్టాడు. పక్షపత్రిక. షాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలతో మొదలైంది. కేసరి పత్రిక, డబ్బులిస్తామన్నా సరే, దాని ప్రకటన వేసుకోలేదు. మూక్‌నాయక్ 1923కల్లా ఆగిపోయింది. ఆయన ఊరుకున్నాడా? 1927 ఏప్రిల్ 3న బహిష్కృత్ భారత్, 1930లో జనతా, 1956లో ప్రబుద్ధ భారత్. అంటే జీవితమంతా పత్రికలు పెడుతూనే ఉన్నాడు, ఒకటి ఆగితే ఇంకొకటి. "మూడు పోస్టులు రాసి ఆపేశానక్కా, మళ్లీ రాయాలంటే సిగ్గుగా ఉంది" అని ఒక తమ్ముడు రాశాడు. సిగ్గెందుకు నాయనా, నాలుగోది రాయి.

తెలుగు నేల మీద కూడా తక్కువేం లేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న జయభేరి నడిపాడు. ఇప్పుడొక పని చేయండి. జయభేరి సంచికలన్నీ వరసగా కావాలని మీ ఫోన్లో వెతకండి. ఎన్ని దొరుకుతాయో చూడండి. తర్వాత అదే కాలంలో పై కులాలవాళ్లు నడిపిన పత్రికల కోసం వెతకండి. తేడా మీకే తెలుస్తుంది.

అసలు మాట ఇక్కడుంది. మనం రాయలేదని కాదు, రాసింది నిలవలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపాక చీరాల శిబిరంలో ఎన్ని పాటలు కట్టారో, ఎన్ని కరపత్రాలు పంచారో మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఆ కాగితాలు మా ట్రంకుపెట్టెలో కొన్ని ఉండేవి. చెదలు తిన్నవి పోగా రెండు మిగిలాయి. పోలీసు రికార్డుకి మాత్రం చెదలు పట్టదు. వాళ్లు రాసుకున్నది బీరువాలో భద్రంగా ఉంటుంది, రేపు చరిత్ర రాసేవాడు దాన్నే తెరుస్తాడు.

మా తాత డప్పు కొట్టి ఊరంతా చాటింపు వేసేవాడు. డప్పు మాది, దాని తోలు మేం ఊడ్చింది, గొంతు మాది. చాటింపులో ఉన్న కబురు మాత్రం ఊరిది. పన్ను కట్టమనీ, ఫలానా రోజు జాతరనీ. మాదిగపల్లెలో బావి ఎండిపోయిందని ఏ రోజూ చాటింపు పడలేదు. ఇప్పుడు మన పిల్లలు రోజుకి నాలుగు గంటలు ఫోన్లో వేళ్లు అరగదీస్తున్నారు. ఎవరి సినిమా, ఎవరి పార్టీ, ఎవరి కబురు చాటుతున్నారు?

"ఫేస్‌బుక్ ఉండగా బ్లాగ్ దేనికి? నువ్వూ ఇక్కడే రాస్తున్నావు కదా" అంటారు. రాస్తున్నా. జనం ఇక్కడున్నారు కాబట్టి వస్తా. సంతకి అందరం వస్తాం, సంతలో కాపురం పెట్టం. ఆర్కుట్ 2014లో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూపులు 2020లో. వాటిల్లో ఎన్ని తెలుగు వాదనలు, ఎన్ని రాత్రుళ్ల చర్చలు కొట్టుకుపోయాయో! రోహిత్ వేముల ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి రాశాడు. 2016 జనవరి 17న అతను చనిపోయాక లోకమంతా చివరి ఉత్తరం ఒక్కటే చదివింది. తర్వాత అతని పోస్టుల్ని ఏరి నిఖిలా హెన్రీ ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చింది కాబట్టి, బతికున్న రోహిత్ ఏం ఆలోచించాడో, దేన్ని ఎగతాళి చేశాడో, ఎవరితో తగాదా పడ్డాడో ఇవాళ మనకి దొరుకుతోంది. ఏరిపెట్టేవాళ్లు అందరికీ దొరకరు. మీ రాతని మీరే ఏరుకోవాలి. ఇక్కడ రాసిన ప్రతి పెద్ద పోస్టూ అదే రాత్రి మీ బ్లాగులో కూడా పడాలి.

సొంత పేరుతో రాయాలా? హాస్టల్ సీటు, ఇంటర్నల్ మార్కులు, స్కాలర్‌షిప్ సంతకం, అన్నీ ఎవరి చేతిలో ఉంటాయో నాకు తెలుసు. మారు పేరుతో రాస్తే పిరికితనం అనే వీరులు మనలోనే ఉన్నారు. వాళ్లకి ఉద్యోగం పర్మనెంట్ అయ్యాక వచ్చింది ఆ ధైర్యం. మూక్‌నాయక్ మొదలైనప్పుడు అంబేద్కర్ సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్. సంపాదకుడిగా ఉన్న పేరు పాండురంగ్ నందరామ్ భట్కర్‌ది. మన కె.జి. సత్యమూర్తి శివసాగర్ పేరుతో రాశాడు. పేరు తర్వాత బయటపెట్టుకోవచ్చు, రాత ఇప్పుడు రావాలి.

ఏం రాయాలన్నది పెద్ద గొడవ. గూగుల్‌ని అడిగితే ఒక అంశం ఎంచుకో, కీవర్డ్ చూడు, యాడ్స్ పెట్టు, నెలకింత సంపాదించు అంటుంది. అది కొట్టు పెట్టుకునేవాడికి చెప్పే సలహా. దానికంటే నాకు ఒళ్లు మండేది ప్రగతిశీల మిత్రుల సలహా. "మీ బాధలు రాయండి, మీ అనుభవం రాయండి" అంటారు ఎంతో ప్రేమగా. బాధ మనం రాయాలి, దాని మీద సిద్ధాంతం వాళ్లు రాస్తారు. చూడు, పొలంలో పని మనది, దిగుబడి లెక్క వాళ్లది! బాధ రాయొద్దని కాదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన నల్లపొద్దు తిరగేస్తే మన ఆడవాళ్లు ఎంత రాశారో తెలుస్తుంది. కానీ లెక్క కూడా మనమే రాయాలి. సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, మీ మండలంలో ఆ డబ్బు దేనికి ఖర్చయిందో రాయండి. నక్షత్రాల గురించి రాయండి. రోహిత్ కావాలనుకున్నది సైన్స్ రచయిత. ఒక మాదిగ పిల్ల గణితం మీద బ్లాగ్ రాస్తే, అందులో కులం ప్రస్తావన ఒక్కటీ లేకపోయినా నాకు సంబరమే.

ఇప్పుడు ఆ పది నిమిషాల పని. జీమెయిల్ ఉంటే బ్లాగర్‌లో పైసా ఖర్చు లేకుండా బ్లాగ్ తెరవొచ్చు. వర్డ్‌ప్రెస్‌లో కూడా ఉచితంగా దొరుకుతుంది. రెంటిలో ఏది మంచిదని వారం రోజులు కొట్టుకోకండి. ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుంటే చాలు, టైప్ చేయడం కష్టమైతే నోటితో చెప్తే అదే రాస్తుంది, తర్వాత తప్పులు దిద్దుకోండి. డిజైన్ తెల్ల కాగితంలా ఉన్నా పర్వాలేదు. ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉంటా. రాసింది అక్షరాలుగా పెట్టండి, బొమ్మగా కాదు. నీలి రంగు మీద తెల్లక్షరాలతో అంబేద్కర్ ఫోటో పక్కన వేసిన పోస్టర్ చూడ్డానికి బాగుంటుంది, ఏడాది తర్వాత వెతికితే దొరకదు. మన చిన్న పత్రికల గతి ఇదే. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలుని ఇవాళ నెట్‌లోకి తెస్తే గజిబిజి గీతలే మిగులుతాయి. శీర్షికలో ఊరు, మండలం, సంవత్సరం ఉండాలి. "గుండె మండుతోంది" అని శీర్షిక పెడితే రేపటి పరిశోధక విద్యార్థికి ఆ ఊరు ఎలా దొరుకుతుంది? నెలకోసారి సెట్టింగుల్లోకెళ్లి బ్యాకప్ దించుకోండి. ముఖ్యమైన పోస్టు లింకుని వేబ్యాక్ మెషీన్‌లో దాచండి.

కొన్ని జాగ్రత్తలు. అత్యాచార బాధితురాలి పేరు, ఫోటో, ఊళ్లో గుర్తుపట్టే వివరాలు వేయకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అది నేరం, పిల్లలైతే పోక్సో కూడా. న్యాయం కావాలనే పోస్టర్ మీదే మనవాళ్లు ఆ పిల్ల ఫోటో వేయడం నేను చూస్తూనే ఉన్నా. ఆపండి. ఎవరి మీదైనా ఆరోపణ రాస్తే చేతిలో కాగితం ఉండాలి, పరువు నష్టం కేసుకి అదే మందు. 66ఎ అని ఎస్సై బెదిరిస్తే, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసిందని మర్యాదగా చెప్పండి. కులం పేరుతో తిడితే వెంటనే డిలీట్ చేయకండి. తేదీ, టైము, లింకు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి, ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం ఉంది. ఆన్‌లైన్‌లో పెట్టిన దూషణ కూడా ఆ చట్టం కిందికి వస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

మొదటి పోస్టుకి ఏం దొరకడం లేదంటారా? మీ హాస్టల్‌కి ఈ ఏడాది మెస్ కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు దాటదు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇస్తే ఆ కాగితం మీ మొదటి పోస్టు. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్నదే మీ మొదటి పోస్టు, అప్పీలు రెండోది. ఆ 30 రోజులూ ఖాళీగా కూర్చోకుండా రోజూ పొద్దున ప్లేటులో ఏం పడిందో రెండు వాక్యాలు రాసి తేదీ వేసి పెట్టండి.

లింకులు నాకు పంపండి. అన్నీ చదువుతా. భాష సరిచేయను. తేదీ లేకపోతే మాత్రం వెనక్కి పంపిస్తా.