చట్టం – సంసారం: చూచి వూరుకోవటమూ నేరమే

పొరుగింట్లో దొంగ పడ్డాడని తెలిసీ తలుపు గడియ వేసుకున్నవాణ్ణి లోకం పిరికివాడంటుంది. చట్టం మాత్రం సాధారణంగా అతని జోలికి పోదు. అయితే కొన్ని విషయాల్లో మన దేశపు చట్టం వూరుకున్నవాణ్ణి కూడా బోనులో నిలబెడుతుంది. వాటిలో ఒకటి పసిపిల్లల మీద జరిగే లైంగిక అత్యాచారం. చెప్పుకోవటానికి నోరు రాని విషయమే. కాని నోరు రాకపోవటమే దుర్మార్గులకు అండ గనుక, ఈ నెల దీన్నిగురించే ముచ్చటించుకుందాం.

2012 నవంబరు 14న, పిల్లల పండుగనాడే, అమలులోకి వచ్చిన పోక్సో చట్టంలో 19వ సెక్షను వున్నది. ఇటువంటి నేరం జరిగిందని తెలిసినా, జరగబోతున్నదని భయం కలిగినా, ఎవరైనాసరే పోలీసులకు తెలియజేసి తీరాలి. 20వ సెక్షను పత్రికలనూ, హోటళ్లనూ, లాడ్జీలనూ, ఆసుపత్రులనూ, క్లబ్బులనూ, ఫోటో స్టూడియోలనూ పేరుపెట్టి చెబుతుంది. చెప్పకుండా దాచినవారికి ఆరు నెలలదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపే పెద్ద తన కింది వుద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాదిదాకా జైలు, దానికితోడు జరిమానా. నోరు విప్పని పిల్లలకు మాత్రం ఏ శిక్షా లేదు. మంచిబుద్ధితో సమాచారం యిచ్చినవారిమీద దావా చెల్లదు.

ఫోటో స్టూడియో పేరు ఎందుకు వచ్చిందో గ్రహించారా? ఒకప్పుడు ఎంత రహస్యంగా తీసిన బొమ్మ అయినా ఫిల్ము కడిగేవాడి కంట పడక తప్పేది కాదు. ఇప్పుడు ఫిల్ము లేదు, కడిగేవాడూ లేడు. బొమ్మ సెల్‌ఫోనులో పుట్టి, క్షణంలో సముద్రాలు దాటుతుంది. అది పోయే దారి ఆన్‌లైన్ కంపెనీలది. కాబట్టి పాత స్టూడియోవాడి బాధ్యత వీరి మీద పడింది.

ఈ పద్ధతికి ముందుగా దారి వేసింది అమెరికా. తప్పిపోయిన పిల్లలకోసం అక్కడ 1984లో ఒక జాతీయ కేంద్రం వెలిసింది. ఇటువంటి ఫిర్యాదులు తీసుకోవటానికి 1998లో అది సైబర్ టిప్‌లైన్ అనే ఏర్పాటు చేసింది. కంపెనీలు తమ దృష్టికి వచ్చిన ప్రతి సంగతినీ ఆ కేంద్రానికి నివేదించాలని 2008లో చేసిన చట్టం గట్టిగా చెప్పింది. 2024లో దాన్ని యింకా బిగించారు. నివేదించిన సాక్ష్యాన్ని యిదివరకు 90 రోజులు దాచితే చాలు, ఇప్పుడు ఏడాది దాచాలి. తెలిసీ నివేదించని పెద్ద కంపెనీకి మొదటి తప్పుకే 8 లక్షల 50 వేల డాలర్లదాకా జరిమానా.

కోట్ల బొమ్మలలో చెడ్డది ఎట్లా దొరుకుతుందని అడగవచ్చు. మన వేలిముద్రలాగే ప్రతి బొమ్మకూ ఒక అంకెల ముద్ర తీయవచ్చు. మైక్రోసాఫ్ట్‌వారు ఒక ఆచార్యునితో కలిసి 2009లో తయారుచేసిన ఫోటోడీఎన్‌ఏ అటువంటిదే. యిదివరకు పట్టుబడిన బొమ్మల ముద్రలు జాబితాలో వుంటాయి. కొత్తగా వచ్చిన బొమ్మ ముద్ర వాటితో సరిపోలితే యంత్రం గుర్తుపడుతుంది. 2023లో ఆ కేంద్రానికి 3 కోట్ల 62 లక్షల నివేదికలు అందాయి. అందులో సుమారు 89 లక్షలు మన దేశానికి సంబంధించినవి. ఒకే బొమ్మ వేల చేతులు మారితే వేల నివేదికలు వస్తాయి గనుక, ఇన్ని లక్షల నేరస్థులున్నారని అర్థం కాదు. అయినా గుండె ఝల్లుమనక మానదు.

ఆ నివేదికలు మనకు చేరేందుకు 2019లో మన జాతీయ నేర రికార్డుల సంస్థ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకున్నది. అక్కడినుంచి అవి రాష్ట్రాల పోలీసులకు వస్తాయి. చెన్నైలో ఒక యువకునిమీద కేసు అట్లా వచ్చిందే. తన ఫోనులో దాచుకుని చూసినంతమాత్రాన నేరం కాదని 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు కేసు కొట్టివేసింది. అదే ఏడు సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. ఇటువంటి బొమ్మను చెరిపివేయక, తెలియజేయక, పంచే వుద్దేశంతో దాచుకోవటమూ శిక్షకు పాత్రమేనని చెప్పింది. కంపెనీల సంగతీ తేల్చింది. వుత్తరంలోని మాటలకు తపాలా బంట్రోతు బాధ్యుడు కాడన్నట్లు, చట్టం కంపెనీలకు ఒక రక్షణ యిచ్చింది. పోక్సో ప్రకారం నడుచుకోనివారికి ఆ రక్షణ లేదనీ, అమెరికా కేంద్రానికి చెబితే సరిపోదనీ, మన పోలీసులకూ చెప్పాలనీ కోర్టు నిర్ణయించింది.

ఇందులో చిక్కులు లేవనుకోవద్దు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, జబ్బుపడిన తన పసివాడి ఫోటో డాక్టరు కోసం తీశాడు. గూగుల్ యంత్రం అతన్ని నేరస్థునిగా లెక్కగట్టింది. పోలీసులు నిర్దోషి అన్నారు. అయినా కంపెనీ అతని ఖాతా తిరిగి యివ్వలేదు. పిల్లల రక్షణ పేర అందరి వుత్తరాలూ విప్పిచూచే రోజు రాకూడదన్న భయమూ న్యాయమైనదే. తెలిసిన దాన్ని నివేదించమనటం వేరు, ప్రతి యింటినీ సోదా చేయమనటం వేరు. అమెరికా చట్టం మొదటిదే కోరుతుంది, వెదకి తీరాలని ఆజ్ఞాపించదు. పైగా పంపినవాడికీ అందుకున్నవాడికీ తప్ప మధ్యవారికి కనబడని గూఢలిపి సందేశాలలో ఏముందో కంపెనీకే తెలియదు. కాబట్టి చట్టం ఎంత గట్టిదైనా, యింట్లో పెద్దల కన్ను తెరచి వుండక తప్పదు.

మరి మనం చేయవలసిందేమిటి? అటువంటి బొమ్మ మీ ఫోనుకు వస్తే, కోపంతోనైనాసరే, ‘చూడండి ఘోరం’ అని మరొకరికి పంపవద్దు. పంపటమే నేరం. మొదటి తప్పుకే అయిదేళ్లదాకా జైలు, పది లక్షలదాకా జరిమానా వున్నాయి. పోలీసులకుగాని, కేంద్ర ప్రభుత్వపు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోగాని తెలియజేయండి. అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆపదలో వున్న బిడ్డకోసం 1098కి టెలిఫోను చేయండి.

పరాయి భాషా ప్రాంతాల్లో తరాలుగా కాపురమున్న మనవారికి మరో జంకు వుంటుంది: ‘పోలీసుల భాషలో మా పిల్ల ఏం చెప్పగలదు? నలుగురిలో పరువేం కాను?’ చట్టం ఈ రెండూ ఆలోచించింది. పోలీసులు రాసుకునే భాష బిడ్డకు తెలియకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలి. తెలుగు పిల్ల తెలుగులోనే చెప్పవచ్చు, చెన్నైలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా. వాంగ్మూలాన్ని బిడ్డ యింటివద్దగాని, బిడ్డ కోరినచోటగాని తీసుకోవాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా రావాలి. రాత్రివేళ బిడ్డను స్టేషనులో వుంచరాదు. పేరు పత్రికలకెక్కరాదు.

పరువు పోయేది చేసినవాడిది, బిడ్డది కాదు. ఏ బిడ్డయినా వచ్చి మీ చెవిన ఒక మాట వేస్తే, ముందు నమ్మండి. ‘ఎవరితో అనకు’ అని మాత్రం అనవద్దు.