నెమియా పరుగు నేర్పు పాఠము

ప్రాచీన గ్రీకుల క్రీడలనగానే ఒలింపియా పేరే స్మరణకు వచ్చుట పరిపాటి. కాని డెల్ఫీ, ఇస్త్మియా, నెమియా క్షేత్రములందును ఆనాడు గ్రీకు జనులందరి క్రీడోత్సవములు జరుగుచుండెడివి. నెమియాలో క్రీ.పూ. 573లో ఆరంభమై, పిదప కాలగర్భమున కలిసిన ఆ క్రీడలను 1996లో పునరుద్ధరించిరి. ఆ ప్రయత్నమున ఉపాధ్యాయులు గ్రహింపదగిన విశేషము కలదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టీఫెన్ మిల్లర్ నాయకత్వమున 1970 దశకమున అచట త్రవ్వకములు సాగినవి. ఇంచుమించు 2,300 ఏండ్లనాటి పరుగు మైదానము, క్రీడాకారులు ప్రవేశించు సొరంగ మార్గము, కాలివ్రేళ్లు ఆనించుటకు గాడులు చెక్కిన రాతి వరుస బయల్పడినవి. పరుగును ప్రారంభించు హిస్ప్లెక్స్ అను సాధనము ఆ రాళ్లపైననే నిలిచెడిది. అది ఎట్లు పనిచేసెనో తెలియుటకు గ్రంథపఠన మొక్కటియే చాలలేదు. మిల్లర్, గ్రీకు పండితుడు వలవానిస్ కలసి దానిని మరల నిర్మింపజేసి పరీక్షించిరి. మెలివేసిన త్రాటి బిగువు విడువగనే ఇరువైపుల కర్రలు నేలకొరగును. మోకాలి యెత్తునను, నడుము యెత్తునను కట్టిన త్రాళ్లు అందరి యెదుటను ఒక్కసారిగ పడిపోవును. తొందరపడినవాడు త్రాటికి తగిలి తానే పట్టుబడును.

అయినను పునరుద్ధారకులు ప్రాచీనమైనదానినెల్ల గ్రుడ్డిగా అనుకరింపలేదు. నాటి పందెములు ప్రధానముగ స్వతంత్రులైన గ్రీకు పురుషులవి; వారు దిగంబరులై పరుగెత్తిరి. నెమియా నూతనోత్సవమున ఏ దేశస్థులైనను, స్త్రీలు, బాలురు, వృద్ధులు సైతము, వయస్సును బట్టి జట్లుగ ఏర్పడి, తెల్లని అంగీలు ధరించి, వట్టి కాళ్లతో పరుగెత్తుదురు. పరుగువేగమును లెక్కవ్రాయరు, పతకములీయరు. విజేతకు లభించునది ఖర్జూరపు మట్ట, సెలెరీ అను అడవి ఆకుతో అల్లిన కిరీటము మాత్రమే.

ఏది నిలుపుకొనవలెను, ఏది విడువవలెను అను ఈ వివేచనయే విద్యకు ప్రాణము. పాఠ్యపుస్తకమున గ్రీకు చరిత్ర రెండు పుటలలో ముగియును. పరీక్షతో మరపునకు వచ్చును. చరిత్రోపాధ్యాయుడు, భౌతికశాస్త్రోపాధ్యాయుడు, వ్యాయామోపాధ్యాయుడు ఒక్క సాయంకాలము కలసి కూర్చున్నచో, రెండు తేలిక కర్రలతోను, మెత్తని త్రాటితోను చిన్న హిస్ప్లెక్స్‌ను విద్యార్థులచేతనే నిర్మింపజేయవచ్చును. త్రాటి మెలిలో దాగిన శక్తి, అందరికి ఒకే క్షణమున దారి విడుచు న్యాయము అప్పుడు వారికి అనుభవమున తెలియును.

పాఠశాలల ఆటల పండుగలలో తరచుగ కొలదిమంది పరుగెత్తుదురు, తక్కినవారు ఎండలో కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. ఆ తక్కినవారిని సైతము గీత కడకు పిలుచుటయే నెమియా పరుగులోని సారము. పతకము లేని పందెమొకటి ప్రతి పాఠశాలలోను ఉండుగాక!