రెండేళ్ల చుట్టాలు

"ఇంట్ల ఉన్నయి చాలవా బిడ్డా, పైసలు పెట్టి మళ్ల కొనుక్కొచ్చినవ్?"

పదమూడేళ్ల కిందట మా అమ్మాయి ఖమ్మం నుంచి అట్టపెట్టెలో రెండు తెల్ల ఎలుకల్ని తెచ్చిన రోజు మా అమ్మ అన్న మాట ఇది. ఆమె తప్పేమీ లేదు. మాది కుసుమంచి. సాగర్ ఎడమ కాలువ, పాలేరు జలాశయం, వరి మళ్లు. వరి ఉన్నచోట ఎలుక ఉంటుంది. గట్టు మీద కన్నం కనిపిస్తే మా నాన్న అక్కడి మట్టిని వేళ్లతో నలిపి, లోపల ఎలుక ఉందో లేదో చెప్పేసేవాడు. పొగబెట్టడమే తరువాయి. మన భాషలో ఎలుక పక్కన చేరిన మాటలు చూడండి... ఎలుకల మందు, ఎలుకల బోను. పెంచుకునే ఎలుకను ఉంచే గూటికి పేరే లేదు. మేమూ దాన్ని బోనే అన్నాం. ఇంటికొచ్చిన వాళ్లు చూసి, "పట్టారా? ఎప్పుడు చంపుతారు?" అని అడిగేవాళ్లు.

నిజానికి ఎలుకను పెంచడం మొదలుపెట్టింది చంపేవాళ్లే! విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో జాక్ బ్లాక్ అని ఒకాయన ఉండేవాడు. రాణిగారి ఎలుకల వేటగాణ్నని చెప్పుకొని తిరిగేవాడు. పట్టిన గోధుమరంగు ఎలుకల్లో తెల్లవో, మచ్చలవో కనిపిస్తే మాత్రం చంపడానికి చేతులు రాక, పెంచి పిల్లలు పెట్టించి అమ్మేవాడు. 1901లో మేరీ డగ్లస్ అనే ఆవిడ పట్టుబట్టి, అక్కడి చిట్టెలుకల పెంపకందార్ల సంఘం పోటీల్లో ఎలుకలకూ చోటు ఇప్పించింది. ఆవిడ తర్వాత ఆ సరదా సన్నగిల్లింది. మళ్లీ 1976లో ఎలుకల కోసమే ఒక సంఘం పుట్టింది. దుకాణాల్లో దొరికే తెల్ల ఎలుక కూడా ఆ గోధుమరంగు జాతి సంతతే. మన ఇళ్లలో అటకెక్కే నల్ల ఎలుకా, పొలంలో కంకులు కొరికే కొక్కూ వేరు.

మాకివేవీ తెలియవు అప్పట్లో. దుకాణదారు రెండూ ఆడవే అన్నాడు. మూడు వారాలు దాటాయో లేదో... బోనులో తొమ్మిది పిల్లలు! వాటిని ఎవరెవరికి అంటగట్టామో చెబితే మళ్లీ మా ఇంటికి ఎవరూ రారు.

ఇంకోసారి 'పండు' కళ్ల చుట్టూ, ముక్కు మీద ఎర్రటి మరకలు. రక్తమనుకొని మా అమ్మాయి ఏడుపు. అది రక్తం కాదట. ఎలుక కన్నీటిలోనే ఆ ఎర్రరంగు ఉంటుంది. బెదిరినా, జబ్బు చేసినా ఎక్కువగా కారుతుంది. అది కనబడితే ముందు ఊపిరి వినాలి. ఎలుకను తీసుకుపోయేవి ఎక్కువగా ఊపిరితిత్తుల జబ్బులూ, గడ్డలూనే. తడిసిన పరుపు నుంచి వచ్చే ఘాటు గాలి ఆ జబ్బును మరింత ముదరబెడుతుంది. అందుకే రెండు రోజులకోసారి గుడ్డలు మార్చడం మొదలుపెట్టాం. సాంబ్రాణి వేసేటప్పుడు ఆ గది తలుపు మూయడమూ అప్పుడే అలవాటైంది. పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతాయి కాబట్టి కొరకడానికి కొబ్బరి చిప్ప. ఇంకో సంగతి... ఎలుకకు వాంతి చేసుకోవడం రాదు. మందు పెడితే చావడానికి అదీ ఒక కారణం. అది తెలిశాక మా నాన్న వడ్ల గదిలో మందు పెట్టడం మానేసి బోన్లు పెట్టాడు. గట్టు మీద పొగ మాత్రం మానలేదు. పంట పంటే కదా!

చక్కిలిగింతలు పెడితే ఎలుక నవ్వుతుంది. వేళాకోళం కాదు. 1990లలో అమెరికాలో జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త, మన చెవికి అందనంత సన్నటి ఆ కిచకిచల్ని పరికరాలతో విన్నాడు. మా అమ్మాయి ఆ సంగతి చదివినప్పటి నుంచీ వాటికి సాయంత్రాలు అదే పని.

మాది 'ఎలుకలోళ్ల ఇల్లు' అయిపోయింది. సూర్యాపేట నుంచీ, కొత్తగూడెం నుంచీ ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్లు చేసేవాళ్లు. 'గడ్డివాములో పిల్ల దొరికింది, పెంచుకోమంటారా' అని అడిగితే మాత్రం వద్దనే చెబుతాం. బయటి ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు రావచ్చు.

మా అమ్మకు షుగరని తేలిన ఏడాది, అన్నం తగ్గించమన్నందుకు ఆమె అలిగి కూర్చుంది. అప్పుడు మనవరాలు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కథ చెప్పింది. ఆ సంస్థ 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో ఒక్క గదిలో మొదలైంది. పెట్టినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్. ఎలుకల్ని గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఒక్కో ప్రాంతం వాళ్ల తిండి పెట్టించాడు. రొట్టె, పాలు, పప్పు, కూరగాయలతో సిక్కుల భోజనం తిన్నవి నిగనిగలాడాయి. తెల్లగా దంచి, కడిగి వండిన బియ్యంతో మద్రాసు భోజనం తిన్నవి చిక్కిపోయాయి. 1958లో సంస్థ హైదరాబాద్ వచ్చింది. 1920ల నాటి విస్టార్ ఎలుకల వంశాన్ని తరాల తరబడి కాపాడుకుంటూ వచ్చారు. ఆ వంశంలోనే 1996లో ఉన్నట్టుండి ఒక స్థూలకాయపు ఎలుక కనిపించింది. ఇప్పుడు దాని సంతతి మీద ఊబకాయం, చక్కెర జబ్బుల పరిశోధనలు చేస్తారు.

అమ్మ అంతా విని, "నా కోసం అవి తిని చూసినయన్నమాట" అంది. ఆ రోజు నుంచి ఆమె పళ్లెంలో ఒక ముద్ద తగ్గింది. ఆ ముద్ద ఎలుకల గిన్నెలోకి చేరిందని మాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

పెంపుడు ఎలుక ఆయుష్షు రెండేళ్లు, మహా అయితే మూడు. మా అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. వచ్చిన తేదీ, బరువు, పోయిన తేదీ. పదమూడేళ్లలో పద్నాలుగు పేర్లు. పెరట్లో జామచెట్టు కింద పద్నాలుగు చోట్ల మట్టి తవ్వామంటే నమ్మండి.

చిక్కేమిటంటే ఎలుకను ఒంటరిగా ఉంచకూడదు. జతలో ఒకటి పోతే రెండోది తిండి మానేసి మూల చేరుతుంది. దానికి తోడు తెస్తే, ముసలిది పోయాక కొత్తది ఒంటరి. దానికి మళ్లీ తోడు! ఎక్కడో ఒకచోట ఆపాలి కదా? అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లేటప్పుడు, "ఈ జతతో ఆపేద్దాం నాన్నా" అంది. సరేనన్నాను. ఆ జతలో ఒకటి పోయిన నెల పోయింది. పద్నాలుగో పేరు అదే. మిగిలింది రాణి. ఏడాదిన్నర వయసు. బోను తలుపు తీసినా బయటికి రావడంలేదు.

మా నాన్న పోయి నాలుగేళ్లయింది. అమ్మకు ఎనభై రెండు. మధ్యాహ్నాలు మంచం ఆ గదిలోకి జరిపించుకొని పడుకుంటోంది. నిన్న నేను బయల్దేరుతుంటే, "ఖమ్మం పోతున్నవా?" అంది.

"అవునే."

"రెండు తీసుకురాకు. ఒక్కటి చాలు. ఆడదేనా కాదా మంచిగ చూసి తీసుకురా."