ఇసుక బొమ్మకు సెంటు జాగా అక్కర్లేదు

శ్మశానాల మీద రాసిన పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఫోటో పంపినాడు. పూరీ సముద్రం ఒడ్డున సుదర్శన్ పట్నాయక్ ఇసుకతో చేసిన అంబేడ్కర్. 2014లో పద్మశ్రీ అందుకున్న కళాకారుడు, ఆ చేతిలో ఒడుపుంది, కాదనను. "అన్నా, షేర్ చెయ్" అన్నాడు. చేయలేదు. ఎందుకు చేయలేదో రాస్తే ఒక భాగమంత అయ్యేట్టుంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఏప్రిల్ 14 వచ్చినా, డిసెంబర్ 6 వచ్చినా ఇట్లాంటి ఇసుక బొమ్మలు మన ఫోన్ల నిండా తిరుగుతాయి. పంచేవాళ్లు మనోళ్లే కాదు. మా పక్క ఊళ్లో అంబేడ్కర్ విగ్రహానికి దిమ్మె కట్టుకుంటామంటే "ఊళ్లో గొడవలెందుకప్పా" అని ఆపిన పెద్దమనిషి కూడా పంచినాడు, రెండు చేతులెత్తి మొక్కే బొమ్మ కూడా పెట్టి. ఆయనకు ఇసుక అంబేడ్కర్‌తో పేచీ లేదు. ఎందుకుంటుంది? ఇసుక బొమ్మ సెంటు జాగా అడగదు. సర్వే నంబరు అడగదు. బస్టాండు ముందర నిలబడదు. ఎవరి రథానికీ, ఎవరి ఊరేగింపుకూ దారిలో కనబడదు. సాయంత్రానికి అలొచ్చి దాన్ని తీసుకపోతుంది, తాసిల్దారుతో పని లేకుండానే.

లింగాలలో పుట్టినోళ్లకు సముద్రం దూరం. నెల్లూరు దాటి పోవాల. నేను పోయిన సెప్టెంబరు చివర్లో ఒక విద్యార్థి సమావేశానికి పోయినప్పుడు పిల్లోళ్లతో కలిసి మైపాడు బీచికి పోయినా. పండగ సెలవులు ఇంకా రాలేదు, ఈశాన్య వానలు మొదలు కాలేదు. ఒడ్డున పడవలు, వలలు, నలుగురైదుగురు మనుషులు, అంతే. పిల్లోళ్లు ఇసుకతో బాబాసాహెబును చేస్తామన్నారు. పొడి ఇసుక కుప్ప పోసినారు, జారిపోయింది. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నవ్వి, తడపండి, తొక్కండి, మళ్లీ తడపండి అన్నాడు. గింజకూ గింజకూ మధ్య ఉండే పలచటి నీళ్లే ఇసుకను పట్టి ఉంచేది, ఆ తేమ ఆరితే బొమ్మ రాలిపోతుంది. చెక్కడం కూడా పైనుంచి కిందికే. తల ముందు, పాదాలు చివర. కింద మొదలుపెడితే పైన రాలింది కింద చేసినదాన్ని పూడుస్తుంది.

తల వచ్చింది. కోటు వచ్చింది. కళ్లద్దాలు కూడా ఎట్లాగో వచ్చినాయి. చేయి రాలేదు. మూడుసార్లు చేసినారు, మూడుసార్లూ ఊడిపోయింది. కింద ఆనిక లేకుండా చాచిన చేతిని ఇసుక మోయలేదు. చివరికి చేతిని ఒంటికి అంటించేసినారు. మన పల్లెల్లో విగ్రహం అంటే ఆ చాచిన చేయే కదా, ఆ వేలే కదా. దాడి జరిగితే చాలాచోట్ల ముందు విరగ్గొట్టేది దాన్నే. వేలు చూపించని అంబేడ్కర్‌ను మాత్రం అందరూ మెచ్చుకుంటారు.

సరే, ఇసుక మీద నాకేం కోపం లేదు. అసలు ఈ కళ పుట్టుక గురించి ఒడిశాలో చెప్పుకునే కథ వింటే మీరూ ఆశ్చర్యపోతారు. బలరామదాసు అని 16వ శతాబ్దపు ఒడియా కవి, బ్రాహ్మణేతరుడు. అప్పుడు రాజు ప్రతాపరుద్ర గజపతి. మన పక్కనున్న ఉదయగిరి కోటను 1514లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నది ఈ గజపతి నుంచే. రథయాత్ర నాడు బలరామదాసు రథమెక్కితే, అపవిత్రుడివని పూజారులు దించేసినారట. ఆయన సముద్రం ఒడ్డుకు పోయి ఇసుకతో మూడు రథాలు చేసుకున్నాడట. దేవుడు ఈ ఇసుక రథాలకు వచ్చేసినాడట, ఊళ్లో అసలు రథం కదల్లేదట. ఇది కథే, చరిత్ర అని నేను చెప్పడంలేదు. కానీ చూడండి, జనం నోట్లో ఇసుక శిల్పం పుట్టింది అలంకారంగా కాదు, అవమానానికి జవాబుగా. ఇదే బలరామదాసు 'లక్ష్మీపురాణం' రాసినాడు. అందులో శ్రియ అనే చండాల స్త్రీ ఇంట్లో అడుగుపెట్టినందుకు లక్ష్మిని గుళ్లోనుంచి వెళ్లగొడతారు. ఆమె పోయినాక అన్నదమ్ములిద్దరూ తిండికి మొహం వాచి, చివరికి ఆమె వాకిట్లోనే అన్నం అడుక్కుంటారు. ఒడియా ఇళ్లల్లో మార్గశిర గురువారాల్లో ఆడవాళ్లు ఈనాటికీ చదువుకునే పుస్తకమది.

ఇంత కథ నడిచిన గుడిలో ఆ తర్వాత ఏమైంది? 1938లో కస్తూర్బా పూరీ గుడిలోకి పోయొచ్చిందని గాంధీ నొచ్చుకున్నాడు, ఆ గుడిలోకి అప్పటికీ దళితులను రానీయడం లేదు కాబట్టి. కథలో దేవుడు రథం ఆపినాడు, పురాణంలో ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. తలుపు మాత్రం నాలుగు వందల ఏండ్లు అట్లే ఉండింది. కథల మీద సానుభూతి ఖర్చు లేనిది, వాకిలి తెరవడం ఖర్చుతో కూడింది. ఇసుక బొమ్మకూ దిమ్మె మీది బొమ్మకూ తేడా కూడా నాకు అక్కడే కనబడుతుంది.

మా వైపు ఇసుకంటే చిత్రావతి ఇసుక. పార్నపల్లె దగ్గర ఇప్పుడు పెద్ద రిజర్వాయరుంది, చీనీ తోటలకూ అరటి తోటలకూ నీళ్లున్నాయి. మా అవ్వ కాలంలో ఎండాకాలమొస్తే ఏటి ఇసుకలో చెలమ తోడుకోవాల. అక్కడ కూడా పైచెలమ ఊరోళ్లది, కిందిచెలమ మాది అని చెప్పేది. మోకాళ్ల మీద కూచొని, చేతులతో ఇసుక తోడి, గోడలు కూలకుండా తడిచేత్తో అదిమి, ఊరేదాకా కాసుకొని కూచోవడం. మైపాడులో పిల్లోళ్లు నేర్చుకున్న పనే అది. ఆ చేతులకు పద్మశ్రీలు రాలేదు, నీళ్లొస్తే చాలనుకున్నాయి. ఇప్పుడా ఇసుక కూడా మన చేతిలో లేదు. 2024 జూలై నుంచి ఇసుక ఉచితమే, ఎత్తుకూలీ, బాడుగ కట్టుకుంటే సరి. ట్రాక్టరున్నోడికి అది నిజంగానే ఉచితం. కాలనీ ఇంటికి రెండు ట్రిప్పులు తోలించుకోవాల్సినోడిని అడగండి.

హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల విగ్రహం లేచింది. విజయవాడలో 2024 జనవరి 19న ఇంకో 125 అడుగులది. సంతోషమే, నేనూ పోయి చూసినా. మన ఊళ్లో ఆరడుగుల దానికి మాత్రం 2013 జనవరి నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు చూపిస్తారు. ఆ ఉత్తర్వు చెప్పేది రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని. అది మాకొక్కరికే వర్తిస్తుందని అందులో ఎక్కడా లేదు.

కాబట్టి తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఫోటోలు పంచుకోండి, వద్దనను. దాంతోపాటు ఇంకొక పని. మీ మండలంలో 2013 జనవరి తర్వాత లేచిన విగ్రహాలెన్ని, ఎవరివి, ఏ జాగాలో, ఎవరి అనుమతితో అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబియ్యాల. అంబేడ్కర్ విగ్రహానికి అర్జీ పెట్టి కాదనిపించుకున్న ఊరైతే, ఆ కాదన్నది నోటిమాటగా కాకుండా కాగితం మీద ఇమ్మని పట్టుబట్టండి. వచ్చిన కాగితాలు నాకు పంపండి, వచ్చే భాగం వాటి మీదే.

జై భీమ్.