నాన్చుడు ఎవరికి లాభం?

పేపర్లలో ‘ఫిలిబస్టర్’ అనే మాట అప్పుడప్పుడూ కనపడుతుంది. బిల్లు ఓటింగుకి రాకుండా గంటలకొద్దీ మాట్లాడుతూ సభ కాలాన్ని తినేయడమే అది. మన భాషలో చెప్పాలంటే నాన్చుడు.

ఆ మాట పుట్టుకే దోపిడీలో ఉంది. దోపిడీగాడికి డచ్చివాళ్లు పెట్టిన పేరు స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకొచ్చింది. 1850ల్లో సొంత దండు కట్టి పక్కదేశాల మీద పడే అమెరికన్లకి ఆ పేరు అంటింది. వాళ్లలో విలియం వాకర్ అనేవాడు 1856లో నికరాగ్వా గద్దెనెక్కి, రద్దయిన బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు. ఆ తర్వాతే ఆ మాట చట్టసభలకి పాకింది.

సభలో దోచింది ఎవర్ని? నల్లవాళ్లని. వాళ్లని మూకలు చంపకుండా ఆపే బిల్లు 1922లో కింది సభ దాటితే, దక్షిణాది సెనేటర్లు నాన్చి చంపారు. అలాంటి చట్టం వచ్చింది 2022లో. నూరేళ్లు! 1957లో పౌరహక్కుల బిల్లుకి అడ్డంగా స్ట్రామ్ థర్మండ్ ఒక్కడే 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు.

మన సభల్లో స్పీకరు గంట కొడితే కూర్చోవాలి. అందుకే ఇక్కడ వేరే దారులు. బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లుని ఏళ్ల తరబడి నాన్చి, 1951 సెప్టెంబరులో 4 క్లాజులు దాటగానే అటకెక్కించారు. అదే నెల 27న ఆయన మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. ఎస్సీ, ఎస్టీలకి ప్రమోషన్లలో రిజర్వేషన్ల బిల్లు 2012 డిసెంబరులో రాజ్యసభలో 206–10 ఓట్లతో నెగ్గింది. లోక్‌సభలో మంత్రి చేతిలో కాగితాలు లాక్కున్నారు. 2014లో ఆ లోక్‌సభతోపాటే బిల్లూ పోయింది.

మన శాసనమండలి మామూలు బిల్లుని మొదట 3 నెలలు, రెండోసారి 1 నెల ఆపగలదు. సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం బిల్లుని మండలి సవరణలతో తిప్పి పంపితే, 2020 జనవరిలో అసెంబ్లీ రెండోసారి ఆమోదించాల్సి వచ్చింది. ఉన్నోళ్ల పిల్లలకి కాన్వెంటు ఎప్పుడూ ఉంది. గూడెం పిల్లకి పోయిన ఏడు తిరిగిరాదు.

అడ్డుకోవడమే తప్పని నేననను. మన హక్కుల మీదకొచ్చే బిల్లుని మనవాళ్లూ అడ్డుకోవాల్సిందే. కానీ కాలవ ఎగువనున్నోడికి నీళ్లు ఆలస్యమైనా పంటకేం కాదు. ఎండేది శివారు భూములే. మనం శివారు వాళ్లం.

కాబట్టి సభలో రభస జరిగిందని చదివితే నవ్వి వదిలేయకండి. ఆ రోజు ఏ బిల్లు ఉంది? అది ఆగితే ఎవరికి లాభం? ఓట్లకొచ్చే ప్రతివాణ్ణీ పల్లెలో, గూడెంలో నిలబెట్టి ఈ రెండూ అడగండి.

జై భీమ్!

— ఒక ఉపాధ్యాయుడు, భవానీపురం